బిల్లు లేని నీళ్లకు లెక్క ఎవరు రాస్తారు?

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, పెద్దపల్లి, భూపాలపల్లి ప్రాంతాల్లో ఆడిట్ చేస్తున్న చార్టర్డ్ అకౌంటెంట్లందరికీ,

నమస్కారం. నేను మీలో ఒకరిని కాను. మీరు సంతకం పెట్టే కాగితాలను తయారుచేసేదాన్ని. హనుమకొండలో బీకాం చదివి, ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల్లో, రైస్ మిల్లుల్లో పద్దులు రాస్తున్నాను. ఏటా సెప్టెంబరులో ఫైళ్లు చంకన పెట్టుకుని మీ ఆఫీసుల మెట్లెక్కుతాను. బస్సు చార్జీ వంద రూపాయలకు కూడా మీరు వోచర్ అడుగుతారు. అడిగారని నాకు ఎన్నడూ కోపం రాలేదు. ఆ పట్టుదల చూసే నేను ఈ వృత్తిని గౌరవించడం నేర్చుకున్నాను. ఈ లేఖ రాసే ధైర్యం కూడా అందుకే వచ్చింది.

రెండేళ్ల కిందట మా బాయిల్డ్ రైస్ మిల్లుకు ఒక ఫారం వచ్చింది. మా దగ్గర తవుడు కొనే పెద్ద కంపెనీ తన సరఫరాదారులందరికీ పంపింది. కరెంటు ఎన్ని యూనిట్లు వాడారు, డీజిల్ ఎన్ని లీటర్లు కాల్చారు, నీళ్లు ఎన్ని కిలోలీటర్లు తోడారు, ఊక ఎంత, బూడిద ఎంత, ఆడవాళ్లకు ఇచ్చిన వేతనం ఎంత, చుట్టుపక్కల జనం నుంచి వచ్చిన ఫిర్యాదులు ఎన్ని అని అందులో ఉంది. పది రోజుల్లో పంపమన్నారు.

ఆ ఫారం పుట్టుక మీకు తెలుసు. ఈ లేఖ చదివే ఇతరుల కోసం రెండు మాటలు చెబుతాను. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2012లో మొదటిసారి వంద పెద్ద కంపెనీలను వ్యాపార బాధ్యత నివేదిక ఇమ్మంది. 2021లో దాన్ని విస్తరించి వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికగా మార్చింది. 2022-23 నుంచి వెయ్యి పెద్ద లిస్టెడ్ కంపెనీలకు అది తప్పనిసరి. నీళ్లు, ఇంధనం, కర్బన ఉద్గారాలు, వ్యర్థాలు, కార్మికుల భద్రత, ఆడవాళ్ల వేతనాల వంటి ముఖ్యమైన అంశాలను విడిగా తీసి, వాటికి బయటి వ్యక్తి పరిశీలించిన భరోసా కూడా ఉండాలని 2023లో చెప్పింది. ఆ ఏడాది 150 కంపెనీలతో మొదలైన నియమం, 2026-27కు వెయ్యి కంపెనీలకు చేరాలి. కంపెనీ కొనుగోళ్లలోనో అమ్మకాల్లోనో రెండు శాతం, ఆపైన వాటా ఉన్న సరఫరాదారుల లెక్కలు కూడా చెప్పాలన్న నిబంధన పెట్టి, తర్వాత దాన్ని స్వచ్ఛందం చేసింది. స్వచ్ఛందమైనా ఫారాలు మాత్రం మా మిల్లుల దాకా వస్తున్నాయి. ముంబయిలో అచ్చయ్యే నివేదికలో ఒక అంకె మా మిల్లులో, నా బల్ల మీద పుడుతోంది.

కరెంటు గడి నింపడానికి ఐదు నిమిషాలు పట్టింది. పన్నెండు నెలల బిల్లులు ఉన్నాయి. డీజిల్‌కు బంకు రసీదులున్నాయి. నీళ్ల గడి దగ్గర నా చెయ్యి ఆగింది. బోరు మాదే, నీళ్లు మావే, బిల్లు లేదు, మీటరు లేదు. యజమానిని అడిగాను. "రోజుకు ఇరవై వేల లీటర్లు అని రాయమ్మా, అంతకన్నా ఏముంటుంది" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు, అబద్ధం చెప్పాలని అన్నదీ కాదు. ఎన్నడూ కొలవని దాని గురించి మనసుకు తోచిన అంకె చెప్పారు. ఆ ఇరవై వేలు రాసింది నేనే. దాని మీద మిల్లు ముద్ర వేసి పంపింది కూడా నేనే.

తర్వాత నెల సీఎంఆర్ లెక్క, అంటే ప్రభుత్వం ఇచ్చిన వడ్లను ఆడించి బియ్యంగా తిరిగి అప్పజెప్పే లెక్క, సరిచూస్తూ కూర్చున్నాను. క్వింటాలు వడ్లకు 68 కిలోల బాయిల్డ్ బియ్యం ఇవ్వాలి. అరకిలో తేడా వచ్చినా మిల్లంతా గాలిస్తాం. అప్పుడే తోచింది. వడ్లు నానబెట్టడానికి ఎన్ని నీళ్లు పడతాయో ఈ రిజిస్టరే చెప్పగలదు కదా అని. బాయిలర్ దగ్గర పనిచేసే పెద్దాయనను అడిగితే, "వడ్లు మునగాలి కదమ్మా, కిలోకు లీటరు పైనే" అన్నాడు. మా మిల్లులో రోజుకు వెయ్యి క్వింటాళ్లు నానబెడతారు. అంటే లక్ష కిలోలు. కిలోకు లీటరే అనుకున్నా లక్ష లీటర్లు. నేను రాసింది ఇరవై వేలు.

మర్నాడు పొద్దున్నే బోరు దగ్గరకు వెళ్లాను. రెండు వందల లీటర్ల ఖాళీ నూనె డ్రమ్ము ఒకటి దొర్లించుకొచ్చి పైపు కింద పెట్టించాను. ఫోనులో సెకన్లు చూశాను. యాభై సెకన్లకు డ్రమ్ము నిండి నీళ్లు నా చెప్పుల మీదికి పొర్లాయి. మళ్లీ వంపించి మళ్లీ పట్టించాను, యాభై ఒకటి. సెకనుకు నాలుగు లీటర్లు, గంటకు 14,400. మోటారు రోజుకు తొమ్మిది గంటలు నడుస్తుందని కరెంటు పనివాడు చెప్పాడు. లక్షా ముప్పై వేల లీటర్లకు కొంచెం తక్కువ. ఫారంలో రాసిన దానికి ఆరు రెట్లు.

ఆడిటర్ గారూ, ఇందులో విద్య ఏమీ లేదు. డ్రమ్ము, గడియారం, స్టాకు రిజిస్టరు చాలు. మనం బియ్యం దిగుబడిని పరీక్షించినట్టే నీళ్లను కూడా పరీక్షించవచ్చు. ఒక రిజిస్టరును ఇంకో రిజిస్టరుతో సరిపోల్చి చూడటం మీరు నేర్పిన పనే. మరి ఈ సుస్థిరత లెక్కల దగ్గరకు వచ్చేసరికి ఆ పట్టుదల ఎందుకు సడలుతోంది? ఈ ఫారాలను ఆడిట్‌లో భాగంగా కాక, ఎవరో అడిగిన వివరాలుగా చూస్తున్నాం కాబట్టి అని నా అనుమానం.

ఆ తర్వాత జరిగింది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మరుసటి ఏడు ఫారంలో అసలు అంకె రాశాను. కొనుగోలు కంపెనీ ఆఫీసు నుంచి ఒక అబ్బాయి ఫోను చేశాడు. "మేడం, మీ నీటి వాడకం ఒక్క ఏడాదిలో ఆరు రెట్లు పెరిగింది, మా నివేదికలో ఇది చాలా చెడ్డగా కనిపిస్తుంది, ఒకసారి సరిచూడండి" అన్నాడు. వాడకం పెరగలేదు, కొలవడం మొదలైంది అని చెప్పాను. అతనికి ఆ మాట రాసుకోవడానికి గడి లేదు. పాత అంకెకే దగ్గరగా మార్చి పంపమని రెండుసార్లు అడిగాడు. నేను మార్చలేదు. మార్చి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

గత సంవత్సరపు పద్దులో తప్పు దొరికితే దాన్ని దాచిపెట్టం. గత కాలపు సవరణ అని విడిగా చూపి, కింద వివరణ రాస్తాం. కర్బన లెక్కలకు ప్రపంచమంతా వాడుతున్న గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్‌లో కూడా ఆధార సంవత్సరాన్ని, అంటే పోలికకు మొదట పెట్టుకున్న ఏడాది అంకెను, తిరిగి లెక్కగట్టే పద్ధతి ఉంది. నిజం చెప్పిన మిల్లు చెడ్డదిగా, ఊహించి రాసిన మిల్లు మంచిదిగా కనిపించే నివేదిక ఎవరికి పనికొస్తుంది? ఆ సవరణ వివరణను మీరు పట్టుబట్టి రాయించాలి. నాలాంటివాళ్లు అడిగితే ఫోను పెట్టేస్తారు. మీరు అడిగితే పెట్టేయరు.

ఇంకో విషయం. టర్నోవర్‌లో రూపాయికి ఎన్ని నీళ్లు అన్న నిష్పత్తి ఈ నివేదికల్లో ముందుంటుంది. మా మిల్లు లాంటి దాన్నే తీసుకోండి. ఏడాదికి 250 రోజులు, రోజుకు 130 కిలోలీటర్లు, అంటే 32,500. టర్నోవర్ 65 కోట్లయితే కోటికి 500 కిలోలీటర్లు. మరుసటి ఏడు బియ్యం ధర పెరిగి టర్నోవర్ 78 కోట్లయిందనుకోండి. నీళ్లు ఒక్క చుక్క తగ్గకపోయినా కోటికి సుమారు 417కు దిగుతుంది. నివేదికలో నీటి వాడకం పదిహేడు శాతం మెరుగైందని రంగుల బొమ్మ వేస్తారు. బోరు మాత్రం అదే నీళ్లు తోడింది. ఉత్పత్తి పరిమాణం మీద లెక్క చూపడానికి కూడా అదే ఫారంలో చోటుంది. వరంగల్ మిల్లులకు క్వింటాలు వడ్లకు ఎన్ని లీటర్లు, బేలు దూదికి ఎన్ని యూనిట్లు అన్నదే నిజమైన కొలత. ఆ గడిని ఖాళీగా వదిలిన కాగితాన్ని దయచేసి వెనక్కి పంపండి.

నీళ్లకు బిల్లు లేక లెక్కలో రాలేదు. మనుషులు బిల్లులోనే కలిసిపోయి లెక్కలో కనిపించకుండా పోయిన చోటు కూడా చూశాను. అంతకుముందు ఒక జిన్నింగ్ మిల్లులో పనిచేశాను. సీజన్‌లో పత్తి కుప్పల మీద కూర్చుని ఆకు, పుచ్చు పత్తి, ప్లాస్టిక్ దారాలు ఏరే ఆడవాళ్లు నలభై మంది దాకా ఉండేవారు. ముక్కుకు చీర కొంగు కట్టుకుని, కనురెప్పల మీద తెల్లటి నూగుతో సాయంత్రం బయటికి వచ్చేవారు. ఉద్యోగుల వివరాలు అడిగిన ఒక ఫారంలో మహిళలు ఎంతమంది అన్న గడిలో 1 అని వేశాం. ఆ ఒక్కరు నేనే. ఆ నలభై మంది పద్దుల్లో మనుషులుగా లేరు. లేబర్ కాంట్రాక్టు చార్జీలు అన్న ఖాతాలో నెలకొక బిల్లుగా ఉన్నారు. ఆ బిల్లు చెల్లించాం కాబట్టి ఆడిట్‌లో ప్రశ్న రాలేదు.

సెబీ నమూనాలో శాశ్వతం కాని కార్మికులను వేరుగా చూపే గడి ఉంది. ఆడవాళ్లకు మొత్తం వేతనంలో ఎంత చేరిందో చెప్పమంటుంది. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో పనిచేసేవారికి ఇచ్చిన వేతనం ఎంతో కూడా అడుగుతుంది. అంటే చట్టం ఆ మనుషులను చూడాలనే అనుకుంది. మన ఖాతా పేరు వాళ్లను దాచింది. మీరు స్టాకు చూడటానికి గోదాముకు వెళ్తారు కదా, అదే రోజు పత్తి కుప్పల దగ్గరకు కూడా వెళ్లి తలలు లెక్కపెట్టండి. కాంట్రాక్టరు దగ్గరున్న హాజరు పుస్తకం తెప్పించండి. మీలో ఇప్పుడు అమ్మాయిలు చాలామంది ఉన్నారు. వాళ్లు అడిగితే ఆ కార్మికులు చెప్పే మాటలు వేరుగా ఉంటాయి, ఇది నా అనుభవం.

ఊక సంగతి కూడా చెప్పాలి. మా బాయిలర్లలో బొగ్గు కాల్చం, ఊక కాలుస్తాం. అది పంట నుంచి వచ్చింది కాబట్టి కర్బనం సున్నా అని చాలా ఫారాల్లో రాసేస్తున్నారు. పైన చెప్పిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ ప్రకారం అది సున్నా కాదు. పంట పదార్థం కాల్చగా వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మిగతా వాటితో కలపకుండా విడిగా చూపాలి. అయినా కర్బనం కంటే ముందు నన్ను పట్టి పీడించేది బూడిద. ఓ వేసవిలో మిల్లు వెనక వీధిలో ఒకావిడ నన్ను పిలిచి మేడ మీదికి తీసుకెళ్లింది. పాత చీర మీద ఆరబెట్టిన వడియాల మీద మిరియం పొడి చల్లినట్టు నల్లటి పొర. వేలితో తుడిచి నా అరచేతికి రాసింది, ఏమీ అనలేదు. ఆ వీధివాళ్లు అప్పటికే పంచాయతీకి చేతిరాతతో ఒక అర్జీ ఇచ్చి ఉన్నారు. ఫారంలో ప్రజల నుంచి ఫిర్యాదులు అన్న గడిలో మేము వేసింది శూన్యం. మిల్లు ఆఫీసుకు ఏ కాగితమూ రాలేదు కాబట్టి ఆ మాట సాంకేతికంగా తప్పు కాదని అప్పుడు సర్దిచెప్పుకున్నాను. అది తప్పే. ఫిర్యాదుల సంఖ్య రాసే ముందు గ్రామ పంచాయతీలో ఒకసారి అడగాలి.

కరెంటుకు వస్తే, దేశ గ్రిడ్ సగటు చొప్పున యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క. నెలకు 60,000 యూనిట్లు వాడే మిల్లు ఖాతాలో 42 టన్నులు పడతాయి. డీజిల్ లీటరుకు దాదాపు 2.7 కిలోలు. ఈ లెక్కలు సులువు, వీటిలో పెద్ద తప్పులు రావు. ఆ యూనిట్లు ఎక్కడి నుంచి వస్తాయో మన ప్రాంతానికి ఒకరు చెప్పనక్కర్లేదు. రామగుండంలో ఎన్టీపీసీ, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం, వాటి వెనక సింగరేణి గనులు. దేశంలో ఎక్కడో వెలిగే దీపానికి బొగ్గు తవ్వే నేల మనది. ఈ కొత్త లెక్కలు మనకు బయటి నుంచి వచ్చిన ఫ్యాషన్ అనేవారు ఒకసారి గోదావరిఖని వెళ్లి చూడాలి.

నీటికి లెక్క రాయడం కూడా ఇక్కడ కొత్త కాదు. కాకతీయుల చెరువుల కింద నీరటి ఉండేవాడు. తూము ఎంత ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు పారించాలి, అలుగు మీద నీరెంత పోతోంది అన్నది ఆయన చూసేవాడు. చెరువు తవ్వించినవారికి, బాగుచేయించినవారికి ఆ చెరువు కింది భూమిలో కొంత దశబంధంగా ఇచ్చేవారు. మన భాషలో చెప్పాలంటే అది నిర్వహణకు ముందే తీసి పెట్టిన కేటాయింపు. పాకాల, రామప్ప ఎనిమిది వందల ఏళ్లుగా నిలిచాయంటే రాతికట్టు బలం ఒక్కటే కారణం కాదు. యంత్రానికి తరుగుదల రాయడం మనకు తెలుసు. భూగర్భజలానికి తరుగుదల రాసే ఖాతాను మాత్రం మనం ఇంకా తెరవలేదు.

ఈ మాట గీసుగొండ, సంగెం మండలాల మధ్య వచ్చిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు గురించి మరీ గట్టిగా చెప్పాలనుంది. 2017లో శంకుస్థాపన జరిగింది, 2023లో కేంద్రం పీఎం మిత్ర పథకం కింద ఎంపిక చేసింది. పరిశ్రమ రావాలి, మా ఊళ్ల పిల్లలకు ఇక్కడే పని దొరకాలి, నేను మనసారా కోరుకుంటున్నాను. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడినప్పుడు భూమికి విలువ కట్టారు, యంత్రాలకు విలువ కట్టారు, కార్మికులకు పరిహారం లెక్కగట్టారు. ఆ మిల్లు ఉండటం వల్ల ఊరికి ఏం వచ్చింది, పోవడం వల్ల ఏం పోయింది అన్నదానికి మాత్రం పద్దు లేదు. ఎందుకంటే మొదటి రోజు ఎవరూ ప్రారంభ నిల్వ రాసి పెట్టలేదు.

ప్రారంభ నిల్వ లేకుండా ఏ ఖాతా అయినా మీరు ఒప్పుకుంటారా? పార్కులోకి వచ్చే ప్రతి కంపెనీ ఖాతాలు మీలో ఎవరో ఒకరి ముందుకు వస్తాయి. యూనిట్ మొదలుపెట్టే ఏడాదే చుట్టుపక్కల బోర్లలో నీటి మట్టం ఎంత, కాలువలో నీరు ఎలా ఉంది, ఆ గ్రామాల నుంచి ఎంతమందికి ఏ వేతనానికి పని దొరికింది అన్నది రాయించండి. అద్దకం ఉన్న యూనిట్లయితే శుద్ధి చేసిన నీరు ఎంత తిరిగి వాడారో మీటరు చూసి రాయించండి. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా మంచి జరిగిందని చెప్పుకోవాలన్నా, నష్టం జరిగిందని అడగాలన్నా ఆ కాగితమే దిక్కు.

ఖర్చు ఎక్కువవుతుందని యజమానులు అంటారు. మా యజమాని కూడా డ్రమ్ము సంగతి విని మొదట కోప్పడ్డారు. రెండు రోజుల తర్వాత ఆయనే నా బల్ల దగ్గరకు వచ్చి, "మీటరు ఎంతవుతుందో కనుక్కోమ్మా" అన్నారు. పెట్టించాం. పెట్టిన నెలలోనే నానబెట్టే తొట్ల దగ్గర ఒక వాల్వు కారుతున్నట్టు తెలిసింది, బాగుచేయించాం. మోటారు రోజుకు గంటకు పైగా తక్కువ నడుస్తోంది. కరెంటు బిల్లు చూసి ఆయన ఇప్పుడు ప్రతి సోమవారం మీటరు రీడింగ్ తానే అడుగుతున్నారు.

చివరిగా ఒక విన్నపం. ఈ నివేదికలన్నీ ఇంగ్లీషులో, కంపెనీ వెబ్‌సైటులో ఉంటాయి. మిల్లు నీళ్లు పారే కుంట పక్కన నాట్లు వేసే మనిషి వాటిని ఎన్నడూ చదవదు. చట్టం అడగకపోయినా, ఒక్క పేజీ తెలుగులో రాయించి గ్రామ పంచాయతీ గోడకు అతికించమని మీ క్లయింట్లకు చెప్పండి. తోడిన నీళ్లు ఇన్ని, వదిలిన నీళ్లు ఇన్ని, పని ఇచ్చింది ఇంతమందికి, వచ్చిన ఫిర్యాదులు ఇన్ని. ఆ ఊరివాళ్ల కంటే కఠినమైన ఆడిటర్లు ఎవరూ ఉండరు. అంకె తప్పయితే సాయంత్రంలోగా చెబుతారు. మా మిల్లు పేజీ నేను రాసి పెట్టాను, యజమాని ఇంకా ఒప్పుకోలేదు. మీరు ఒక మాట చెబితే ఒప్పుకుంటారని నమ్ముతున్నాను.

యాసంగి వడ్లు ఏప్రిల్ చివరి నుంచి మిల్లులకు వస్తాయి. ఆ రోజుల్లో మీ ఆఫీసులో పనిచేసే పిల్లలను ఒక్క పూట మా మిల్లుకు పంపండి. ఆ నూనె డ్రమ్ము ఇంకా బోరు పక్కనే ఉంది. మోటారు పొద్దున ఆరింటికి వేస్తారు.

ఇట్లు,
ఒక మిల్లు అకౌంటెంటు,
హనుమకొండ